శిగం దిగినంక ఆమె ఎవరు?

నార్కట్‌పల్లి దగ్గర, చెరువుగట్టు జాతరకు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. ఎల్లమ్మ పండుగ వస్తే బైండ్లోళ్లు పసుపు, కుంకుమ, పిండితో నేల మీద పట్నం అనే పెద్ద ముగ్గు వేసేవారు. పొద్దుపోయాక జమిడిక మోగుతుంటే రేణుక కథ నడిచేది. కథ సగానికి వచ్చేసరికి ఏటా వచ్చే ఒక శివసత్తికి, అంటే దేవుడికి అంకితమైన మనిషికి, శిగం వచ్చేది, అమ్మవారు మీదికి వచ్చేది. చీర కట్టు, మెడలో గవ్వల దండ, నొసట రూపాయి బిళ్లంత బొట్టు, మోచేతుల దాకా పసుపు. పుట్టింది మగపిల్లవాడిగా. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆమె శిగమూగుతున్నంతసేపూ మా అమ్మ తడిచీరతో నిలబడి, కాళ్ల మీద సాక పోసి, "తల్లీ, నా పిల్లలను సల్లంగ సూడు" అని మొక్కేది. మమ్మల్ని కూడా ముందుకు తోసేది. నెత్తి మీద పెట్టిన ఆ చేతులు చల్లగా ఉండేవి. ఆ పసుపు వాసన తలంటు పోసుకున్నా రెండు రోజులు పోయేది కాదు.

తెల్లారి అదే మనిషి మా అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతుంటే మా చిన్నాయన లోపలి నుంచి "వాడు ఇంకా పోలేదా?" అన్నాడు.

రాత్రి తల్లీ, తెల్లారి వాడు. అప్పుడు నాకు పదేళ్లుంటాయేమో. ఆ మాట ఇప్పటికీ మనసులో నుంచి పోలేదు. ట్రాన్స్‌జెండర్ల గురించి ఎక్కడ చర్చ వచ్చినా "మన సంస్కృతిలో వాళ్లకు ఎప్పుడూ గౌరవం ఉంది" అని ఒకరంటారు. "మన సమాజం వాళ్లను వెలివేసింది" అని ఇంకొకరంటారు. నల్లగొండ, పాలమూరు ఊళ్లు చూసిన నాకు ఈ రెండూ నిజమే అనిపిస్తాయి. పైగా అవి రెండు వేర్వేరు విషయాలు కావు. మనం మొక్కింది ఆమె మీదికి వచ్చిన అమ్మవారికి, ఆమెకు కాదు. శిగం దిగాక ఆ మనిషికి ఊళ్లో ఏ చోటు ఉంది అన్నదే అసలు ప్రశ్న.

ముందు మాటల చిక్కు విప్పుకుందాం, ఎందుకంటే తెలుగులో గొడవ అక్కడే మొదలవుతుంది. మన భాషలో క్రియ చివర్లోనే ఆడా మగా తేలిపోతుంది. వచ్చాడు, వచ్చింది. మనిషి గురించి ఒక్క వాక్యం మాట్లాడాలన్నా ఏదో ఒక పక్క నిలబడక తప్పదు. మా చిన్నాయన నిలబడింది అలాగే. కానీ ఇదే తెలుగులో ఇంకో దారి కూడా ఉంది. వచ్చారు, మా యాసలో వచ్చిన్రు. మర్యాద ఇచ్చి మాట్లాడిన క్షణంలో ఆడా మగా అన్న తేడానే ఉండదు. అంటే ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని ఎలా పిలవాలో తెలియక తడబడేవారికి మన భాష ఎప్పుడో దారి చూపింది. గౌరవించి మాట్లాడితే చాలు, వ్యాకరణం దానంతట అదే సర్దుకుంటుంది. చీర కట్టుకుని, తనను ఆడమనిషిగా చెప్పుకునే వ్యక్తిని "ఆమె" అంటే ఇంకా మంచిది.

కొజ్జా, మాడ, తేడా, పాయింట్ ఫైవ్ లాంటివి తిట్లు. వాటిని వదిలేద్దాం. భారతంలో బృహన్నల ఉంది, పాత తెలుగులో పేడి అన్న మాట ఉంది. బృహన్నల అనేది అజ్ఞాతవాసంలో అర్జునుడు వేసుకున్న వేషం. ఏడాది తర్వాత తీసేశాడు. మన మధ్య బతికేవాళ్లు వేషం వేసుకోలేదు, అందుకే నాకు ఆ పేరు నచ్చదు. హిజ్రా అనేది ఒక జమాత్‌లో, అంటే వాళ్ల సంఘంలో, గురువు కింద చేలాగా (శిష్యురాలిగా) చేరినవారికి వాడే పేరు. ఆడపుట్టుక పుట్టకపోయినా మనసులో ఆడతనం ఉండి, బయటికి ప్యాంటు షర్టుతోనే తిరిగేవారిని వాళ్లలో కోతి అంటారు. ఇది వాళ్ల భాషలోని మాట, జంతువు పేరు కాదు. పుట్టుకతోనే శరీర నిర్మాణంలో తేడా ఉన్నవారు ఇంటర్‌సెక్స్. వారి సంగతి వేరు. వీటన్నింటి మీదా గొడుగులా ఉన్న మాట ట్రాన్స్‌జెండర్. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతికేవారు కూడా ఆ గొడుగు కిందే ఉన్నారు. వారి దగ్గరకు మళ్లీ వస్తాను.

శివసత్తులందరూ ట్రాన్స్‌జెండర్లు కారు. చాలామంది స్త్రీలే. పెళ్లాం పిల్లలతో కాపురం చేసుకుంటూ పండుగ నాడు మాత్రమే చీర కట్టే మగవాళ్లూ ఉన్నారు. కానీ మగపిల్లవాడిగా పుట్టి, లోపల ఆడపిల్లగా పెరుగుతున్న పల్లెటూరి బిడ్డకు తెలంగాణలో గౌరవంగా తెరుచుకున్న ఒకే ఒక తలుపు ఇది. "ఎల్లమ్మ పట్టింది" అన్న మాట వస్తే తండ్రి కొట్టడం ఆపుతాడు. జుట్టు పెంచుకోవచ్చు, గాజులు వేసుకోవచ్చు, చీర కట్టవచ్చు. అమ్మవారి కోపానికి భయపడి ఊరు కూడా నోరు మూసుకుంటుంది. సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన తీర్పులో ఈ సంప్రదాయం గురించి ఒక వివరణ ఉంది. హిజ్రాలు, జోగప్పలతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోని శివశక్తుల, అంటే మన శివసత్తుల, గురించి అందులో రాశారు. తీర్పు నాటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు. దీక్ష ఇచ్చేటప్పుడు వారికి ఒక కత్తితో పెళ్లి చేస్తారని, ఆ కత్తి శివుడికి గుర్తని, ఎక్కువమంది పేదవారేనని, సోది, జోస్యం చెప్పి, అడుక్కుని బతుకుతారని ఆ తీర్పులో ఉంది. మన ఊరి ఎల్లమ్మ గుడి ముందు చూసిన మనుషులు దేశంలోని అతిపెద్ద కోర్టు కాగితాల్లోకి ఎక్కారు.

పాలమూరు వైపు పోతే సంగతి ఇంకొంచెం మారుతుంది. మక్తల్, నారాయణపేట, గద్వాల కర్ణాటకను ఆనుకుని ఉన్నాయి. అక్కడి ఎల్లమ్మ భక్తి దారులన్నీ కర్ణాటకలోని సౌందత్తి ఎల్లమ్మ గుడి దాకా పోతాయి. మగవాడిగా పుట్టి ఎల్లమ్మకు అంకితమైన జోగప్పల సంప్రదాయం కన్నడ సీమలో బలంగా ఉంది. అదే నేలలో ఆడపిల్లలను దేవత పేరున వదిలేసే జోగిని ఆచారం పాలమూరు దళిత కుటుంబాలను ఎంత కాల్చిందో మనకు తెలుసు. 1988లో చట్టం చేసి దాన్ని నిషేధించారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టలేం. జోగినిగా మార్చిన పిల్లను ఎవరూ అడగలేదు, జోగప్ప మాత్రం చాలాసార్లు తన మనసుకు దారి వెతుక్కుంటూ వచ్చిన మనిషి. కానీ ఒక పోలిక నాకు స్పష్టంగా కనబడుతుంది. రెండుచోట్లా "దేవుడి మనిషి" అన్న పేరు పెట్టాక, ఆ మనిషికి ఇల్లు, కుటుంబం, పని, ఆస్తిలో వాటా చూపించే బాధ్యత నుంచి మిగతా ఊరు తప్పుకుంది. గుడి ముందు చోటు ఇచ్చి ఇంట్లో చోటు తీసేసింది.

దేవుడి దారి పట్టనివారికి మిగిలింది హైదరాబాద్ బండి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్లే. అక్కడ హిజ్రా జమాత్‌లు ఉన్నాయి. ఇంట్లోంచి తరిమేసిన పదహారేళ్ల పిల్లకు అన్నం పెట్టేది, నీడ ఇచ్చేది ఆ ఇళ్లే. రీత్ అనే తంతు చేసి ఒక గురువు పేరు మీద చేలాగా రాసుకుంటారు. గురువుకు గురువు నాని. తోటి చేలాలు అక్కాచెల్లెళ్లు. పాంపడ్తి అని పెద్దల కాళ్లకు మొక్కుతారు. ఆపరేషన్‌ను నిర్వాణం అంటారు. నిర్వాణమైన మనిషిని 40 రోజులు బాలింతలా చూసుకుని, తర్వాత పసుపు రాసి, కొత్త చీర కట్టి పండుగ చేస్తారు. ఎంత లోతైన ఆలోచన అది! మనం పురిటి మంచానికి చేసే సేవను, తనను తాను మళ్లీ కన్న మనిషికి వాళ్లు చేసుకుంటున్నారు. హిందువుగా పుట్టినా ముస్లింగా పుట్టినా ఆ ఇంట్లో ఒకే కంచం. నా దృష్టిలో ఈ సమాజం మన సంస్కృతికి ఇచ్చిన గొప్ప విషయం దీవెనలు, డప్పు దరువుకు ఆటలు మాత్రమే కాదు. నెత్తురు సంబంధం లేకుండా కుటుంబాన్ని ఎలా కట్టుకోవాలో చేసి చూపించారు. ఆ ఇళ్లలో పెత్తనం లేదని, తప్పుకు జరిమానాలు లేవని అనను. ఉన్నాయి. సంపాదనలో వాటా గురువుకు ఇవ్వాలి, జమాత్ మారాలంటే డబ్బు కట్టాలి. అయినా బయట ఏ తలుపూ తీయనప్పుడు తీసిన తలుపు అది.

మరి చట్టం వీళ్లను ఎలా చూసింది? నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో ఒక చట్టం చేశారు. అప్పటి నల్లగొండ, మహబూబ్‌నగర్ ఆ రాజ్యంలోనివే. తర్వాతి రోజుల్లో దాన్ని ఆంధ్రప్రదేశ్ తెలంగాణ ప్రాంత యూనక్స్ చట్టం అన్నారు. హైదరాబాద్ నగరంలో, ప్రభుత్వం చెప్పిన ఇతర చోట్ల ఉండే "నపుంసకుల" పేర్లు, చిరునామాలు రిజిస్టరులో రాయాలి. రిజిస్టరులో ఉన్న వ్యక్తి ఆడబట్టలో, నగలో వేసుకుని వీధిలో కనబడినా, పాడినా, ఆడినా వారంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. రెండేళ్ల దాకా జైలు. పిల్లలను ఎత్తుకుపోయేవారన్న అనుమానంతో మొత్తం ఒక సమూహాన్నే నేరస్తుల జాబితాలో వేశారు. అంతకు ముందు 1871లో బ్రిటిష్‌వాళ్లు ఉత్తరాదిన చేసిన నేర తెగల చట్టంలో ఉన్నదే ఇక్కడికీ వచ్చింది. "వాళ్లు పిల్లలను ఎత్తుకుపోతారంట" అని వాట్సాప్‌లో ఇప్పటికీ తిరిగే పుకారు వేరు ఎక్కడుందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. ఊళ్లో ఎల్లమ్మ గుడి ముందు మొక్కులు అందుకున్న అదే చీర, పట్నం వీధిలో నేరమైంది.

స్వాతంత్ర్యం వచ్చినా, తెలంగాణ వచ్చినా ఆ చట్టం పుస్తకాల్లో అలాగే ఉంది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, ఇంకొందరు తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి.భాస్కర్ రెడ్డి ధర్మాసనం అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ కల్పించాలని, ఆసరా పింఛన్ వర్తింపజేయాలని కూడా ప్రభుత్వానికి చెప్పింది. 1919 నుంచి 2023 దాకా, నూటనాలుగేళ్లు.

పైన చెప్పిన సుప్రీంకోర్టు తీర్పు, నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో 2014 ఏప్రిల్ 15న వచ్చింది, అంతకు ముందే పెద్ద మలుపు. ఎవరు ఏ లింగమో చెప్పాల్సింది ఆ మనిషే, ఆపరేషన్ అయిందా లేదా అని అడగకూడదు అంది కోర్టు. తర్వాత 2019లో పార్లమెంటు చేసిన చట్టం 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. గుర్తింపు పత్రం కోసం కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవాలంది. స్కూల్లో, ఆసుపత్రిలో, ఉద్యోగంలో వివక్ష కూడదంది. కానీ అందులో రెండు విషయాలు నన్ను చాలా బాధపెట్టాయి. ఒకటి శిక్ష. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి మీద లైంగిక దాడి చేసినా ఆ చట్టం కింద ఆరు నెలల నుంచి రెండేళ్లే జైలు. స్త్రీ మీద అత్యాచారానికి కనీసం పదేళ్లు. గాయం ఒకటే, మనిషి మారితే శిక్ష ఇంత తగ్గింది.

రెండోది కుటుంబం. రక్తసంబంధం, పెళ్లి, చట్టబద్ధమైన దత్తత ద్వారా కలిసిన వారే కుటుంబమని ఆ చట్టం నిర్వచించింది. పిల్లలకు పుట్టింట్లో ఉండే హక్కు ఉందని, ఇంట్లోవాళ్లు చూసుకోలేకపోతే పునరావాస కేంద్రానికి పంపాలని రాసింది. పుట్టింటి హక్కు మంచిదే. కానీ ఏ ఇంట్లో దెబ్బలు తిని పారిపోయారో ఆ ఇంటినే కుటుంబం అని, ఏ గురువు 40 రోజులు ఒళ్లో పెట్టుకుని చూసుకుందో ఆమెను ఏమీ కాదని చెబితే ఎలా? ఆసుపత్రిలో సంతకం పెట్టాలన్నా, చనిపోయాక శవాన్ని తీసుకోవాలన్నా ముందుకొచ్చేది చేలాలే. కాగితం మీద వాళ్లు పరాయివాళ్లు.

2011 జనగణనలో మొదటిసారి ఆడ, మగ కాకుండా "ఇతరులు" అన్న గడి పెట్టారు. దేశంలో 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది ఆ గడిలో లెక్కకొచ్చారు. నిజమైన సంఖ్య ఇంతకన్నా ఎంతో ఎక్కువ ఉంటుందనడానికి పెద్ద తర్కం అక్కర్లేదు. గడప దగ్గర నిలబడ్డ ఎన్యూమరేటరుకు ఏ తండ్రి చెబుతాడు? ఆ గడిలో అక్షరాస్యత దాదాపు 56 శాతం, దేశం మొత్తానికి 74. బడి ఎందుకు మానేశారని అడిగితే నాతో మాట్లాడినవారందరూ చెప్పిన కారణం ఒకటే, బాత్రూమ్. మగపిల్లల బాత్రూమ్‌కు పోతే ఏడిపిస్తారు, ఆడపిల్లల దాంట్లోకి రానివ్వరు. పొద్దంతా నీళ్లు తాగకుండా కూర్చుని, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మానేశానని ఒకామె చెప్పింది.

చదువు ఆగింది కాబట్టి ఉద్యోగం లేదు, ఉద్యోగం లేదు కాబట్టి బజారు. "పంతంగి టోల్‌గేట్ దగ్గర కారు అద్దం కొడతారు", "దుకాణం ఓపెనింగ్‌కు వచ్చి వేలకు వేలు అడుగుతారు" అని విసుక్కునేవాళ్లు మనలో చాలామంది. ఆ విసుగు అబద్ధం కాదు. కొన్నిచోట్ల బెదిరింపులు ఉన్నాయి, చీర కట్టి వచ్చే దొంగలూ ఉన్నారు. కానీ దీని వెనక ఉన్న లెక్క చూడాలి. బిడ్డ పుట్టినా, పెళ్లయినా, గృహప్రవేశమైనా వచ్చి దీవించి బధాయి అనే కానుక తీసుకోవడం పాత ఆచారం. హిజ్రా దీవిస్తే మంచిదని, నోరు జారితే కీడని నమ్మింది మనమే. ఆ నమ్మకం ఒక్కటే వాళ్ల చేతిలో ఉన్న పెట్టుబడి. ఏ ఏరియా ఎవరిదో గురువుల మధ్య పంపకాలు ఉంటాయి, వచ్చినదాంట్లో వాటాలు పోతాయి. మిగిలినదాంతో ఇంటి అద్దె కట్టాలి. అదైనా అందరితో సమానంగా కాదు. నల్లగొండలో నాలుగు వేలకు దొరికే గదికి తాను ఆరు వేలు కడుతున్నానని ఒకామె నాతో అంది. "ఎక్కువ తీసుకుంటే తీసుకున్నడు అన్నా, ఇచ్చిండు గదా" అని కూడా అంది.

మార్పు అసలు లేదనను. 2022 చివర్లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్‌పాల్ ప్రభుత్వ వైద్యులుగా చేరారు. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ అసిస్టెంట్ల కోసం గోషామహల్‌లో పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పరీక్షలు పెడితే 58 మంది వచ్చారు, 44 మంది ఎంపికయ్యారు. సిగ్నల్ దగ్గర చేయి చాపిన మనిషే అదే సిగ్నల్ దగ్గర చేయి ఎత్తి బండ్లను ఆపడం చూసి నాకు కళ్లు చెమర్చాయి. అయితే ఇవన్నీ హైదరాబాద్‌లో. 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసమే మొదలైన క్లినిక్ కూడా హైదరాబాద్‌లోనే. దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఉన్న పిల్లకు హార్మోన్ మాత్రలు ఎవరి సలహాతో వేసుకోవాలో చెప్పే దిక్కు లేదు. మెడికల్ షాపులో తెలిసినవారి మాట మీద కొని మింగుతున్నారు.

పల్లె దాకా నిజంగా వచ్చిన మార్పు ఒకటుంది. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంలో మహిళలతో పాటు ట్రాన్స్‌జెండర్లకూ ఆర్టీసీ బస్సులో టికెట్‌కు డబ్బు కట్టే పని లేదు. ఒకసారి మిర్యాలగూడ బస్సులో నా ముందు సీటులో ఒకామె కూర్చుంది. కండక్టరు ఆధార్ అడిగాడు. కార్డు మీద మగపేరు, మీసాలు రాని కుర్రాడి ఫోటో. కండక్టరు కార్డును చూశాడు, ఆమెను చూశాడు. బస్సంతా తిరిగి చూసింది. ఆమె కొంగు సర్దుకుని కిటికీ వైపు తల తిప్పుకుంది. పది సెకన్లు ఉంటాయేమో, నాకే టెన్షన్ వచ్చింది. కండక్టరు ఏమీ అనకుండా మిషను నొక్కి జీరో టికెట్ చించి ఇచ్చి, "ఏడ దిగుతవమ్మా?" అన్నాడు. ఆమె టికెట్‌ను మడిచి పర్సులో పెట్టుకుంది. సున్నా రూపాయల టికెట్‌ను అంత జాగ్రత్తగా దాచుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక ట్రాన్స్ పురుషుల సంగతి. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతకాలనుకునేవారికి మన పల్లె సంస్కృతిలో ఏ వేషమూ లేదు, ఏ దేవతా మీదికి రాదు, ఏ జమాతూ లేదు. ఇంట్లోంచి పారిపోతే ఆడపిల్ల తప్పిపోయిందని పోలీసు కేసు. దొరికితే పెళ్లి. శివసత్తికి ఒక్క రాత్రైనా దొరికిన మొక్కు వీరికి ఎన్నడూ దొరకలేదు. సంస్కృతి ఇచ్చిన గౌరవం అందరికీ కాదని, దేవతకు పనికొచ్చిన మేరకే ఇచ్చిందని ఇక్కడే తేలిపోతుంది.

మా ఊరి శివసత్తి ఇప్పుడు ముసలిదైంది. శిగమూగే ఓపిక లేదు, మోకాళ్ల నొప్పులు. పోయిన ఏడాది నన్ను వెతుక్కుంటూ వచ్చి, "కార్డుల పేరు మార్పియ్యి బిడ్డా, పింఛనుకు అడుగుతున్నరు" అంది. ఇద్దరం కలిసి ఒక సెంటరుకు పోయాం. కుర్రాడు ఫారం నింపుతూ కేరాఫ్ ఎవరిది రాయాలి అన్నాడు. నేను ఆమె తండ్రి పేరు చెప్పబోయాను. ఆమె నా చేయి పట్టుకుని ఆపింది. "మా గురువు పేరు రాయి" అంది. కుర్రాడు విసుక్కోలేదు, కానీ "ఆమె నీకు ఏమైతది? ప్రూఫ్ ఉందా?" అని అడిగాడు.

ఆమె సంచిలో చాలాసేపు వెతికింది. మందుల చీటీలు, బియ్యం కార్డు, గవ్వల దండ ఒక్కొక్కటే బల్ల మీదికి వచ్చాయి. చివరికి ప్లాస్టిక్ కవరులో నుంచి అంచులు చిరిగిన ఒక ఫోటో తీసింది. అందులో వయసులో ఉన్న ఆమె, ఒళ్లంతా పసుపు, కొత్త చీర. పక్కన ఒక పెద్దావిడ ఆమె గదుమ పట్టుకుని కెమెరా వైపు తిప్పుతోంది. ఆ ఫోటోను కుర్రాడి ముందుకు జరిపి, "గిదే ఉన్నది బిడ్డా" అంది.